జోస్యం నుంచి చికిత్స దాకా: జీర్ణాశయ క్యాన్సర్ సూచికల చరిత్ర

1848లో జర్మన్ వైద్యుడు రూడోల్ఫ్ విర్షో ఒక చిన్న లక్షణాన్ని నమోదు చేశాడు. జీర్ణాశయ క్యాన్సర్ ముదిరిన కొందరిలో మెడకు ఎడమపక్క, జత్రుక ఎముకకు కాస్త పైన, ఒక లింఫు గ్రంథి గట్టిపడి వేలికి తగులుతోంది. జబ్బు కడుపులో ఉంటే గడ్డ మెడలో ఎందుకు తేలింది? పొట్టలోని అవయవాల నుంచి లింఫును మోసుకొచ్చే ప్రధాన నాళం ఛాతీ గుండా పైకెక్కి, ఎడమ మెడ మొదట్లో సిరలో కలుస్తుంది. క్యాన్సర్ కణాలు ఆ దారినే వచ్చి అక్కడి గ్రంథిలో చిక్కుకుంటాయి. అప్పటికి ఎక్స్‌రే లేదు, ఎండోస్కోపీ లేదు. వైద్యుడి వేలికొసే పరీక్షా పరికరం. ఆ గ్రంథి తగిలిందంటే రోగికి మిగిలింది నెలలే అని అర్థం.

ఈ రోజు బయోమార్కర్ అని, జీవసూచిక అని పిలుస్తున్నదానికి జీర్ణాశయ క్యాన్సర్‌లో తొలి రూపాలు ఇలాంటివే. తడిమో, చూసో, కొలిచో తెలుసుకోగల గుర్తు ఏదైనా జబ్బు నడకను పట్టిస్తే అది సూచికే. విర్షో కాలం నుంచి నేటి వరకూ ఈ గుర్తులు మెడ నుంచి పొరలోకి, పొర నుంచి కణంలోకి, కణం నుంచి జన్యువులోకి దిగుతూ వచ్చాయి. ఆ ప్రయాణంలో వాటి సంఖ్య పెరిగింది. అంతకంటే ముఖ్యంగా, వాటి పని మారింది. మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో చెప్పడానికి మొదలైన గుర్తులు క్రమంగా ఆ మనిషికి ఏం చేయాలో చెప్పేవిగా మారాయి. ఈ మార్పు ఎలా వచ్చిందన్నదే ఇక్కడ చెప్పదలచిన కథ.

చేతికందిన గుర్తులు

విర్షో తర్వాత మరి రెండు గుర్తులు వైద్యగ్రంథాలకెక్కాయి. 1896లో ఫ్రీడ్రిష్ క్రుకెన్‌బర్గ్ అండాశయంలో ఒక విచిత్రమైన కణితిని వర్ణించాడు. అది అండాశయంలోనే పుట్టిందని ఆయన అనుకున్నాడు. చాలా సందర్భాల్లో అది జీర్ణాశయం నుంచి పాకి వచ్చినదని తర్వాతివాళ్లు తేల్చారు. రెండోది అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో, సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో బయటపడింది. అక్కడ విలియం మేయోకు శస్త్రచికిత్సల్లో సహాయకురాలిగా పనిచేసిన సన్యాసిని సిస్టర్ మేరీ జోసెఫ్ డెంప్సీ, ఆపరేషన్‌కు ముందు రోగి పొట్టను శుభ్రం చేస్తూ, కొందరి బొడ్డులో గట్టి గడ్డ ఉండటం గమనించింది. అలాంటి వారి పొట్ట తెరిస్తే లోపల క్యాన్సర్ అంతటా పాకి ఉండేది. మేయో ఈ సంగతి 1928లో ప్రచురించాడు. ఆమె మరణించాక, 1949లో, హామిల్టన్ బెయిలీ ఆ గడ్డకు ఆమె పేరే పెట్టాడు. వైద్యపట్టా లేని ఒక స్త్రీ చూపు వైద్యపరిభాషలో ఇలా నిలిచిపోయింది.

ఈ మూడు గుర్తులూ నిజమే చెప్పేవి. అయితే అవి కనిపించేసరికే జబ్బు చేయి దాటిపోయేది. అవి తీర్పు చెప్పేవి తప్ప దారి చూపేవి కావు.

ఈలోగా శస్త్రవైద్యులు కత్తి పట్టారు. 1879లో పారిస్‌లో జూల్ పెయాన్, 1880లో లుద్విక్ రిదిగియెర్ జీర్ణాశయంలో క్యాన్సర్ సోకిన భాగాన్ని తొలగించారు. ఇద్దరి రోగులూ దక్కలేదు. 1881 జనవరి 29న వియన్నాలో థియోడోర్ బిల్‌రోత్ చేసిన ఆపరేషన్ నుంచి 43 ఏళ్ల స్త్రీ కోలుకుంది. వైద్యలోకం దాన్ని గొప్ప విజయంగా చెప్పుకుంది, అందులో అతిశయోక్తి లేదు. అయినా ఆమె సుమారు నాలుగు నెలల తర్వాత తిరగబెట్టిన క్యాన్సర్‌తోనే మరణించింది. 1897లో జూరిచ్‌లో కార్ల్ ష్లాటర్ జీర్ణాశయం మొత్తాన్ని తీసేసినా రోగి బతికి బయటపడవచ్చని చూపాడు. ఆ రోగి ఏడాదికి పైగా జీవించింది. శస్త్రచికిత్స సాధ్యమేనని రుజువైంది. దానితోపాటు కొత్త ప్రశ్న పుట్టింది: ఒకే ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరిలో ఒకరు ఏళ్ల తరబడి బతుకుతుంటే, మరొకరు నెలల్లోనే ఎందుకు పోతున్నారు?

లోతు లెక్క

ఆ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు లోతులో దొరికింది. జీర్ణాశయం గోడలో లోపలి వైపు శ్లేష్మపొర, దాని కింద మరో పలుచని పొర, ఆపైన కండరం, చివరన బయటి పొర ఉంటాయి. క్యాన్సర్ శ్లేష్మపొరలో పుట్టి బయటికి తొలుచుకుంటూ పోతుంది. ఎన్ని పొరలు దాటింది, ఎన్ని లింఫు గ్రంథులకు చేరింది, దూర అవయవాలకు పాకిందా అన్న మూడు లెక్కలను కలిపి దశలుగా విభజించే పద్ధతిని ఫ్రెంచ్ వైద్యుడు పియెర్ దెనువా 1940ల నుంచి రూపొందించాడు. నేటికీ ప్రపంచమంతా వాడుతున్న టీఎన్ఎం వర్గీకరణకు మూలం అదే.

ఈ లెక్కను జీర్ణాశయ క్యాన్సర్ విషయంలో అందరికంటే ముందుకు తీసుకెళ్లింది జపాన్. అక్కడ ఈ జబ్బు చాలా ఎక్కువ. 1950లో తత్సురో ఉజి అనే వైద్యుడు ఒలింపస్ సంస్థ ఇంజనీర్లతో కలిసి, మింగితే కడుపు లోపల ఫొటోలు తీసే చిన్న కెమెరాను తయారుచేయించాడు. బేరియం తాగించి ఎక్స్‌రేలో శ్లేష్మపొర మడతలను సూక్ష్మంగా చూసే పద్ధతిని హికో షిరకాబే బృందం అభివృద్ధి చేసింది. 1960లలో ఎక్స్‌రే యంత్రాలు బిగించిన వాహనాలు పల్లెలకు వెళ్లి, ఏ బాధా లేనివారిని కూడా పరీక్షించడం మొదలుపెట్టాయి. 1962లో అక్కడి నిపుణులు 'తొలిదశ జీర్ణాశయ క్యాన్సర్'కు నిర్వచనం ఇచ్చారు: గ్రంథులకు చేరినా చేరకపోయినా, మొదటి రెండు పొరలు దాటని క్యాన్సర్. ఆ దశలో తొలగిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతున్నారని తేలింది.

ఈ చరిత్రలో దీనికంటే విలువైన పాఠం లేదు. జన్యువుల గురించి ఎంత తెలుసుకున్నా, జీర్ణాశయ క్యాన్సర్‌లో ఆయుష్షును నిర్ణయించే అతి బలమైన అంశం నేటికీ దశే. తర్వాత వచ్చిన సూచికలన్నీ ఈ పునాది మీద కట్టినవే.

సూక్ష్మదర్శిని చూపిన రెండు జబ్బులు

దశ ఒకటే అయినా గతి ఒకటి కాని సందర్భాలు మిగిలిపోయాయి. వాటికి దారి చూపినవాడు ఫిన్లాండ్‌లోని తుర్కు నగరానికి చెందిన పాథాలజిస్టు పెక్కా లౌరెన్. ఆయన 1,344 మంది రోగుల కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, 1965లో ఒక వ్యాసం ప్రచురించాడు. కణాలు ఒకదానికొకటి అతుక్కుని పేగు గ్రంథుల వంటి నిర్మాణాలు కట్టేది ఒక రకం. కణాలు విడివిడిగా చెదిరి, కడుపు గోడలోకి చాపకింద నీరులా పాకేది రెండో రకం. మొదటిదానికి ఇంటెస్టైనల్ అనీ, రెండోదానికి డిఫ్యూజ్ అనీ పేర్లు. మొదటిది వయసు మళ్లినవారిలో, దీర్ఘకాలం వాచిన జీర్ణాశయంలో ఎక్కువగా పుడుతుంది. రెండోది చిన్న వయసువారిలోనూ వస్తుంది, పొట్ట లోపలి పొర మీద విత్తనాలు చల్లినట్టు వ్యాపిస్తుంది, సాధారణంగా ఎక్కువ ప్రమాదకరం.

మొదటి రకం వెనుక ఉన్న దీర్ఘకాల వాపుకు కారణం 1980లలో తెలిసింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియాను పెంచగలిగారు. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. 2001లో జపాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం 1,526 మందిని సగటున 7.8 ఏళ్లు గమనించింది. బ్యాక్టీరియా ఉన్న 1,246 మందిలో 36 మందికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. జబ్బు వచ్చాక ఆయుష్షు లెక్కించే సూచికల నడుమ ఇది జబ్బు రాకముందే కనిపించే గుర్తు, పైగా యాంటీబయాటిక్స్‌తో తొలగించగల గుర్తు.

రక్తంలో వెతుకులాట

1965లోనే మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో సీఈఏ అనే పదార్థాన్ని కనుగొన్నారు. గర్భస్థ శిశువు పేగుల్లో ఉండి, పుట్టాక దాదాపు కనుమరుగయ్యే ప్రొటీన్ అది. క్యాన్సర్‌లో తిరిగి తలెత్తుతోంది. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ కనిపెట్టాక, 1979లో ఫిలడెల్ఫియాలో హిలరీ కొప్రౌస్కీ బృందం చేసిన యాంటీబాడీ ద్వారా సీఏ 19-9 వెలుగులోకి వచ్చింది. చిన్న రక్తపరీక్షతో క్యాన్సర్ గుట్టు తెలిసిపోతుందని చాలామంది ఆశపడ్డారు.

జీర్ణాశయ క్యాన్సర్ విషయంలో ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. తొలిదశలో ఉన్న చాలామందిలో ఈ పదార్థాలు మామూలు స్థాయిలోనే ఉంటాయి. పొగతాగడం, కాలేయ వ్యాధి, పిత్తనాళంలో అడ్డంకి వంటివి కూడా వీటిని పెంచగలవు. ఆపరేషన్‌కు ముందు ఎక్కువగా ఉంటే జబ్బు ముదిరి ఉండవచ్చనీ, తగ్గినవి మళ్లీ పెరిగితే తిరగబెట్టి ఉండవచ్చనీ ఇవి చెబుతాయి. ఏ మందు పనిచేస్తుందో చెప్పవు. ఒంట్లో బాగానే ఉన్న మనిషి 'క్యాన్సర్ మార్కర్' పరీక్ష చేయించుకుని అనవసరంగా భయపడటమో, అనవసరంగా ధైర్యపడటమో ఈ తేడా తెలియకనే.

వైద్యశాస్త్రం ఇక్కడ సూచికలను రెండుగా విడదీస్తుంది. చికిత్స ఏదైనా జబ్బు నడక ఎలా ఉండబోతుందో చెప్పేది పరిణామ సూచిక. ఫలానా మందు ఫలానా రోగికి పనిచేస్తుందో లేదో చెప్పేది స్పందన సూచిక. విర్షో గ్రంథి, కణితి లోతు, సీఈఏ మొదటి కోవవి. రెండో కోవ సూచిక జీర్ణాశయ క్యాన్సర్‌కు దొరకడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది.

హెర్2: గుర్తే గురిగా మారిన వేళ

హెర్2 అనేది కణం పైపొర మీద ఉండి, పెరగమని సంకేతం పంపే ప్రొటీన్. దాని జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగిన రొమ్ము క్యాన్సర్ రోగుల ఆయుష్షు తక్కువగా ఉందని 1987లో డెన్నిస్ స్లామన్ చూపాడు. అంతకు ముందే, 1986లో, జపాన్ శాస్త్రవేత్తలు ఎంకేఎన్-7 అనే జీర్ణాశయ క్యాన్సర్ కణాల్లో అదే జన్యువు ప్రతులు పెరిగి ఉండటం గమనించారు. రొమ్ము క్యాన్సర్‌లో ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ 1998లోనే మందుగా వచ్చింది. జీర్ణాశయ క్యాన్సర్ రోగులు మరో 12 ఏళ్లు వేచి ఉండాల్సి వచ్చింది.

2010లో దక్షిణ కొరియా వైద్యుడు యుంగ్-జూ బాంగ్ నాయకత్వంలో టోగా అనే అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. 24 దేశాల్లో మూడున్నర వేలకు పైగా రోగుల కణితులను పరీక్షిస్తే సుమారు 22 శాతం మందిలో హెర్2 ఎక్కువగా ఉంది. వారిలో 594 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కీమోథెరపీ, మరో జట్టుకు కీమోథెరపీతో పాటు ట్రాస్టుజుమాబ్ ఇచ్చారు. మధ్యస్థ జీవితకాలం, అంటే సగంమంది రోగులు దాటిన కాలం, 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. హెర్2 బాగా ఎక్కువగా ఉన్నవారిలో 16 నెలలు.

పైకి చూస్తే అది 2.7 నెలల మెరుగుదలే. చరిత్రలో దాని స్థానం అంతకంటే పెద్దది. జీర్ణాశయ క్యాన్సర్‌లో కణితిని ముందు ప్రశ్నించి, అది చెప్పిన జవాబును బట్టి మందు ఇవ్వడం అప్పుడే మొదలైంది. హెర్2 ఉన్న జీర్ణాశయ క్యాన్సర్ సహజంగా ఎక్కువ ప్రమాదకరమా కాదా అన్న విషయంలో అధ్యయనాలు నేటికీ ఏకీభవించవు. పరిణామ సూచికగా సందిగ్ధంగా ఉన్నదే స్పందన సూచికగా స్పష్టమైంది.

ఈ గుర్తును చదవడంలో కొత్త మెళకువలు కావాల్సి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో ఈ ప్రొటీన్ రంగు కణం చుట్టూ వలయంలా కనిపిస్తుంది. జీర్ణాశయ కణాల్లో తరచుగా పక్కలకూ అడుగుకూ మాత్రమే అంటుకుంటుంది. అందుకే పాథాలజిస్టులు దీనికి వేరే కొలమానం తయారుచేసుకున్నారు. ఒకే కణితిలో ఒక మూల హెర్2 ఉండి మరో మూల లేకపోవచ్చు. కాబట్టి ఎండోస్కోపీలో ఒకటి రెండు ముక్కలు కాకుండా కనీసం అయిదారు ముక్కలు తీయాలంటారు. చికిత్స తర్వాత కొన్ని కణితుల్లో ఈ గుర్తు మాయమవుతుంది కూడా. అప్పుడు పాత రిపోర్టు మీద కొత్త మందు మొదలుపెట్టడం సరికాదు.

వంశాల్లో దాగిన గుర్తులు

మరో పాయ కుటుంబాల నుంచి వచ్చింది. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో కుట్టుపని చేసే ఒకావిడ పాథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో, తన వాళ్లలో చాలామంది కడుపు, పేగు, గర్భాశయ క్యాన్సర్లతో పోయారనీ, తానూ అలాగే చిన్న వయసులో పోతాననీ చెప్పింది. చివరికి అదే జరిగింది. వార్తిన్ ఆ వంశ చరిత్రను సేకరించి 1913లో ప్రచురించాడు. 1960లలో హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాలను మరిన్ని వెతికి పట్టాడు. ఆ జబ్బుకు ఆయన పేరే వచ్చింది. 1990లలో కారణం తెలిసింది: కణం విభజించినప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే జన్యువులు వీరిలో పనిచేయవు. తప్పులు పేరుకుపోయిన ఆ స్థితిని ఎంఎస్ఐ అంటారు. ఏ వంశచరిత్రా లేనివారి కణితుల్లో కూడా ఇది తలెత్తగలదు.

రెండో కుటుంబం న్యూజిలాండ్‌లోని మావోరీలది. తరతరాలుగా చిన్న వయసులోనే డిఫ్యూజ్ జీర్ణాశయ క్యాన్సర్‌కు తమవారిని పోగొట్టుకున్న ఆ వంశం వారు తామే ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలను ఆశ్రయించారు. 1998లో పారీ గిల్‌ఫర్డ్ బృందం వారిలో సీడీహెచ్1 అనే జన్యువు దెబ్బతిన్నదని ప్రకటించింది. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ ప్రొటీన్‌ను తయారుచేసేది ఆ జన్యువే. లౌరెన్ 33 ఏళ్ల క్రితం చూసిన 'విడివిడి కణాల'కు అణుస్థాయి వివరణ అలా దొరికింది. ఆ జన్యులోపం ఉన్నవారు జబ్బు రాకముందే జీర్ణాశయం తీయించుకునే వీలు కలిగింది.

ఇంతటి నిర్ణయానికి ఆధారమైన అంకెలు కూడా స్థిరంగా నిలవలేదు. 2015లో, ఈ లోపం ఉన్న పురుషుల్లో 70 శాతానికి, స్త్రీలలో 56 శాతానికి జీర్ణాశయ క్యాన్సర్ వస్తుందని అంచనా. 2019 నాటి మరో అధ్యయనం దాన్ని 42, 33 శాతాలకు తగ్గించింది. జబ్బు తీవ్రంగా ఉన్న కుటుంబాలనే మొదట పరీక్షించడం వల్ల తొలి లెక్కలు ఎక్కువ వచ్చాయి. ఎవరిని లెక్కలోకి తీసుకున్నామన్నదాన్ని బట్టే సూచిక చెప్పే అంకె మారుతుంది.

మంచి గుర్తు, మారిన చికిత్స

ఎంఎస్ఐ కథ ఇంకా లోతైనది. తప్పులు కుప్పలుగా ఉన్న కణితిని రోగనిరోధక వ్యవస్థ పరాయిదిగా గుర్తుపట్టడం తేలిక. అందుకే ఆపరేషన్ చేయగల స్థితిలో ఉన్న ఎంఎస్ఐ రోగులు ఎక్కువ కాలం బతుకుతారు. నాలుగు పెద్ద అధ్యయనాల్లోని 1,556 మంది వివరాలను 2019లో కలిపి చూస్తే, అయిదేళ్లు దాటినవారు ఎంఎస్ఐ ఉన్నవారిలో 77.5 శాతం, లేనివారిలో 59.3 శాతం. మరో విషయం కూడా తేలింది. ఎంఎస్ఐ ఉన్నవారికి ఆపరేషన్‌తో పాటు మామూలు కీమోథెరపీ ఇచ్చినా ప్రయోజనం కనిపించలేదు. ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవారు వారికంటే తీసిపోలేదు. అందరికీ మేలు చేస్తుందనుకున్న మందు ఒక చిన్న వర్గానికి భారం మాత్రమే కావచ్చని ఒక సూచిక పట్టిచూపింది.

అదే వర్గానికి వేరే తలుపు తెరుచుకుంది. క్యోటోలో తసుకు హోంజో 1992లో కనుగొన్న పీడీ-1 అనే ప్రొటీన్ రోగనిరోధక కణాలకు కళ్లెం వంటిది. ఆ కళ్లెం తీసే మందులు ఎంఎస్ఐ కణితులపై బాగా పనిచేశాయి. 2017 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ముదిరి, ఇతర చికిత్సలకు లొంగని క్యాన్సర్ ఏ అవయవంలో పుట్టినా ఎంఎస్ఐ ఉంటే, ఆ కోవ మందైన పెంబ్రోలిజుమాబ్ ఇవ్వవచ్చని అనుమతించింది. అవయవాన్ని కాకుండా సూచికను చూసి ఆ సంస్థ క్యాన్సర్ మందును ఆమోదించడం అదే మొదటిసారి. హోంజో 2018లో నోబెల్ అందుకున్నాడు.

2014లో అమెరికాలోని టీసీజీఏ పథకం 295 కణితులను పరిశీలించి, జీర్ణాశయ క్యాన్సర్‌ను నాలుగుగా విభజించింది: ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో ముడిపడినవి 9 శాతం, ఎంఎస్ఐ 22 శాతం, జన్యుపరంగా నిలకడగా ఉన్నవి 20 శాతం, క్రోమోజోములు అస్తవ్యస్తమైనవి 50 శాతం. మరుసటి ఏడాది మరో బృందం 300 కణితులతో చేసిన విభజనలో ఎంఎస్ఐ వర్గానికి అత్యంత మంచి పరిణామం, అతుకు వదిలి పాకే కణాల వర్గానికి అత్యంత చెడ్డ పరిణామం కనిపించాయి. లౌరెన్ కంటితో చూసిన తేడా జన్యుపటంలోనూ చాలావరకు నిలిచింది.

ఇటీవలి అధ్యాయం క్లాడిన్ 18.2. కణాల మధ్య సందులను మూసే క్లాడిన్ ప్రొటీన్లను 1998లో క్యోటోలో షోయిచిరో త్సుకిత బృందం కనుగొంది. వాటిలో 18.2 అనే రూపం ఆరోగ్యవంతుల్లో దాదాపు జీర్ణాశయానికే పరిమితమనీ, కాబట్టి మందుకు మంచి గురి అనీ 2008లో జర్మనీలో ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ ట్యురెజి బృందం ప్రకటించింది. కోవిడ్ టీకాతో ఆ దంపతుల పేరు తర్వాత లోకమంతా విన్నది. 2023లో స్పాట్‌లైట్ అధ్యయనంలో, ఈ గుర్తు బలంగా ఉన్న 565 మందిలో జోల్బెటుక్సిమాబ్ తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 18.2 నెలలు, తీసుకోనివారిది 15.5 నెలలు. 2024లో జపాన్, ఆ తర్వాత అమెరికా ఈ మందుకు అనుమతి ఇచ్చాయి.

అంకెకూ మనిషికీ మధ్య

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 9.7 లక్షల మందికి జీర్ణాశయ క్యాన్సర్ వస్తోంది, 6.6 లక్షల మంది చనిపోతున్నారు. మన దేశంలో మిజోరంలో ఇది చాలా ఎక్కువ. 2014 నుంచి ట్రాస్టుజుమాబ్‌కు దేశీయ బయోసిమిలర్లు రావడంతో ఆ మందు మునుపటికంటే అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్‌లోనైనా ఐజ్వాల్‌లోనైనా ఈ చరిత్ర ఒక కుటుంబానికి పనికొచ్చేది రిపోర్టు చేతికందినప్పుడే. ముదిరిన క్యాన్సర్ అని తేలితే హెర్2, ఎంఎస్ఐ, పీడీ-1తో జతకట్టే పీడీ-ఎల్1, క్లాడిన్ పరీక్షలు చేశారా అని అడగడం వారి హక్కు. ఎందుకంటే వాటిలో ప్రతిదాని వెనుకా ఇప్పుడొక మందు ఉంది. ఇక అధ్యయనాలు చెప్పే 'మధ్యస్థ జీవితకాలం' ఒక గుంపు లెక్క. సగంమంది ఆ కాలానికి ఇవతల ఆగిపోతారు, సగంమంది అవతలికి వెళతారు. మన ఎదుట ఉన్న మనిషి ఏ సగంలో ఉన్నాడో ఆ అంకె చెప్పదు. దాన్ని ఒకరి ఆయుర్దాయంగా చదవడం శాస్త్రం చేయని వాగ్దానాన్ని దాని నోట పలికించడమే.

సూచికలను తూచడానికి ఈ చరిత్ర ఒక కొలబద్ద ఇస్తోంది. కొత్త సూచిక గురించి విన్నప్పుడు, అది ఆయుష్షును ఎంత కచ్చితంగా చెబుతుందన్నది రెండో ప్రశ్న కావాలి. దాన్ని తెలుసుకున్నాక చేసే చికిత్సలో ఏం మారుతుందన్నది మొదటి ప్రశ్న. బొడ్డులోని గడ్డకు ఆ ప్రశ్న వేస్తే జవాబు లేకపోయింది. హెర్2కు, ఎంఎస్ఐకి, క్లాడిన్‌కు ఉంది. అన్నిటికంటే పెద్ద జవాబు జపాన్ పల్లెల్లో తిరిగిన ఎక్స్‌రే వాహనాలదే: జబ్బును మొదటి రెండు పొరల్లో ఉండగానే పట్టుకుంటే, మిగతా సూచికల అవసరమే చాలామందికి రాదు. ఎన్నాళ్లుగానో తగ్గని అజీర్తిని, కారణం లేని బరువు తగ్గుదలను, నల్లటి విరేచనాన్ని తేలిగ్గా తీసుకోకుండా ఎండోస్కోపీ దాకా వెళ్లే రోగి, ఈ నూటడెబ్బై ఏళ్ల శ్రమ ఫలాన్ని అందరికంటే ఎక్కువగా పొందుతాడు.